కంటికి ఆనని లోకం



బట్టల కొట్లో చీర బేరం చేసేటప్పుడు మనం మొట్టమొదట చేసే పని ఏమిటి? ధర సంగతి తరవాత. ముందు కొంగు చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాం. నేత ఒత్తుగా ఉందా, పల్చగా ఉందా, పడుగూ పేకా సమంగా పడ్డాయా అని కళ్ళు చిట్లించి మరీ చూస్తాం. కొట్టు గుమాస్తా విసుక్కున్నా సరే, మనకు తృప్తి కలిగేదాకా వదలం. ఇవాళ నేను చెప్పబోయేది సూక్ష్మదర్శిని కథ, అంటే మైక్రోస్కోపు కథ. ఆ కథలోని గొప్ప ఘట్టం ఒకటి సరిగ్గా ఇలాంటి బట్టల కొట్లోనే మొదలైందంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు.

మైక్రోస్కోపు అనగానే మనకు గుర్తొచ్చేది ఆస్పత్రి. వేలు గుచ్చి రక్తం తీసుకుంటారు. మనం వరండాలో బల్లమీద కూర్చుంటాం. లోపల ఎవరో గొట్టంలోకి తొంగిచూసి ఏదో రాస్తారు. ఆ చీటీ చూసి డాక్టరుగారు మందు రాస్తారు. ఆ గొట్టంలో ఏముంది, అందులోంచి ఏం కనబడింది అని మనం అడగం. "చిన్నవాటిని పెద్దవి చేసి చూపిస్తుంది, అంతేగా" అని ఊరుకుంటాం. కాని ఒట్టినే పెద్దది చేస్తే చాలదండీ. మంచి అద్దం కావాలి, వెలుతురు కావాలి, రంగు కావాలి, వీటన్నిటికీ మించి చూసేవారికి ఓపిక కావాలి. ఇవి సమకూరడానికి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. సమకూర్చినవాళ్ళు అందరూ పండితులు కారు. బట్టల వర్తకుడు ఉన్నాడు, ద్రాక్షసారా వ్యాపారి ఉన్నాడు, వంటింట్లోంచి సలహా చెప్పిన ఇల్లాలు కూడా ఉంది.

ముందుగా అద్దం సంగతి చూద్దాం. మీరు ఇంట్లోనే చేయవచ్చు. వార్తాపత్రిక మీద పల్చని ప్లాస్టిక్ కాగితం ఒకటి పరిచి, దానిమీద వేలితో ఒక్క నీటిచుక్క వేయండి. చుక్క కింద అక్షరాలు ఉబ్బినట్టు పెద్దవిగా కనబడతాయి. ఎందుకని? వెలుతురు గాలిలో తిన్నగా పోతుంది. నీటిలోకో గాజులోకో ఏటవాలుగా ప్రవేశిస్తే మాత్రం కాస్త వంగుతుంది. నీటిచుక్క పైభాగం బోర్లించిన గిన్నెలాగా ఉంటుంది కనక, అక్షరం నించి బయలుదేరిన కిరణాలు అక్కడ వంగి మన కంటికి చేరతాయి. ఆ వంపు సంగతి కంటికి తెలియదు. కిరణాలన్నీ తిన్నగానే వచ్చాయనుకుని అక్షరాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా లెక్కగడుతుంది. ఉబ్బు ఎంత ఎక్కువైతే వంపు అంత ఎక్కువ, అక్షరం అంత పెద్దది. అందుకనే గాజు పూస ఎంత చిన్నదైతే అంత బాగా పెద్దది చేసి చూపిస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా నిజం అదే.

ఈ కీలకం పట్టుకున్నవాడు హాలెండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊరి బట్టల వర్తకుడు, ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. 1632లో పుట్టాడు. పెద్ద చదువులు చదవలేదు. ఆ రోజుల్లో పండితుల భాష లాటిన్. అది ఆయనకు రాదు. తన డచ్చి భాష తప్ప మరొకటి తెలియదు. ఆ కాలపు బట్టల వర్తకులు నేతలో పోగులు లెక్కపెట్టడానికి భూతద్దం దగ్గర పెట్టుకునేవారు. ఆ అద్దంలోంచి పోగులు చూసి చూసి, ఇంకా దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో అని ఆయనకు కుతూహలం పుట్టింది. తనే గాజు సానబట్టి గింజంత అద్దాలు తయారుచేశాడు. రెండు చిన్న ఇత్తడి రేకుల మధ్య అద్దాన్ని బిగించి, దాని ఎదురుగా ఒక సూదిమొన, ఆ మొనను జరపడానికి మరలు అమర్చాడు. మొత్తం పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. చూడదలచిన వస్తువును సూదిమొన మీద ఉంచి, పరికరాన్ని కంటికి ఆనించుకుని, వెలుతురు వైపు తిరిగి చూడాలి. ఆయన చేసినవాటిలో మిగిలిన ఒకటి వస్తువును సుమారు 266 రెట్లు పెద్దది చేసి చూపిస్తుందంటే ఆ చేతిపని ఎలాంటిదో ఊహించుకోండి.

1674లో ఆయన ఊరికి దగ్గరి చెరువునీళ్ళు తెచ్చి చూశాడు. ఆ నీళ్ళలో ఏవేవో మహా చిన్న ప్రాణులు అటూ ఇటూ ఈదుతున్నాయి. 1676లో మరో చిత్రం జరిగింది. మిరియానికి ఆ ఘాటు ఎక్కణ్ణించి వస్తుందో తెలుసుకుందామని ఆయన మిరియాలు నీళ్ళలో నానబెట్టాడు. మిరియంలో సూదుల్లాంటి ముక్కలు ఉంటాయేమో, అవే నాలుకను గుచ్చుతాయేమో అని ఆయన ఊహ. కొన్ని వారాలు నానిన ఆ నీటిచుక్కలో సూదులు కనబడలేదు. వాటికి బదులు, అంతకుముందు చూసినవాటికన్నా ఎంతో చిన్నవైన ప్రాణులు కుప్పలు తెప్పలుగా కనిపించాయి. ఈనాడు మనం బాక్టీరియా అంటున్నామే, మనిషి కన్ను వాటిని చూడడం అదే మొదలు.

తను చూసినవన్నీ డచ్చిలోనే ఉత్తరాలుగా రాసి లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపేవాడు. అక్కడి పండితులు మొదట నమ్మలేదు. చుక్క నీటిలో అన్ని ప్రాణులేమిటన్నారు. ఆయన ఏమీ చిన్నబుచ్చుకోలేదు. ఊళ్ళో పెద్దమనుషులను పిలిచి చూపించి, వాళ్ళచేత సాక్ష్యాలు రాయించి పంపాడు. చివరికి 1677 నవంబరులో లండన్‌లో రాబర్టు హుక్ అనే శాస్త్రజ్ఞుడు తనే మిరియాల నీళ్ళు నానబెట్టి సభలో అందరికీ చూపించాక గాని నోళ్ళు మూతబడలేదు. 1680లో ఆ బట్టల వర్తకుణ్ణి సొసైటీ తన సభ్యుడిగా ఎన్నుకుంది.

1683లో ఆయన రాసిన ఉత్తరం మన ఆడవాళ్ళకు బాగా పనికొచ్చేది. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు తోముకునే అలవాటు ఆయనకుంది. అయినా పంటి సందుల్లో తెల్లని పాచి పేరుకునేది. దాన్ని కాస్త గీకి నీళ్ళలో కలిపి చూస్తే అందులోనూ ప్రాణులే! అంతటితో ఊరుకోక ఇద్దరు ఆడవాళ్ళ పంటిపాచి, జన్మలో పళ్ళు తోముకోని ఒక ముసలాయన పంటిపాచి కూడా తీసుకుని చూశాడు. ముసలాయన నోట్లో ఉన్నవి ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లలకు పళ్ళు తోముకోమని రోజూ చెప్పీ చెప్పీ అలిసిపోతూ ఉంటాం కదా, ఈ కథ చెప్పి చూడండి.

ఆయనకు మేరియా అని కూతురు. పదేళ్ళప్పుడు తల్లి పోయింది. పెళ్ళి చేసుకోకుండా జీవితమంతా తండ్రి దగ్గరే ఉండి ఇల్లు నడిపింది. 1723లో తండ్రి తొంభయ్యోపడిలో కన్నుమూశాక, ఆయన కోరిన ప్రకారం 26 వెండి సూక్ష్మదర్శినులను రాయల్ సొసైటీకి పంపించింది. ఊరి పాత చర్చిలో ఆయనకు స్మారకచిహ్నం కట్టించింది. 1745లో తను పోయేదాకా మిగతా పరికరాలను పదిలంగా కాపాడింది. ఆవిడ పోయిన రెండేళ్ళకు వాటిని వేలం వేశారు. ఆయన చేసిన అద్దాలు 500కు పైమాటే. నేడు మిగిలిన పరికరాలు డజను దరిదాపు. సొసైటీకి పంపిన ఆ 26 కూడా తరవాతి శతాబ్దంలో కనబడకుండా పోయాయి.

ఇందులో ఒక్క విచారం ఉంది. తన మేలైన అద్దాలు ఎలా తయారుచేశాడో, ఎలా చూసేవాడో లీవెన్‌హుక్ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆవకాయ కొలత కోడలికి చెప్పకుండా పోయిన అత్తగారి సంగతి వంటిదే ఇది. ఆ రుచి మళ్ళీ కుదరదు. ఆయన చూసిన సూక్ష్మజీవులను గురించిన పరిశోధన ఆయన తరవాత చాలాకాలం మందగించింది.

ఇప్పుడు రాబర్టు హుక్ దగ్గరికి వద్దాం. పేర్లు దగ్గరగా ఉన్నా వీళ్ళిద్దరూ చుట్టాలు కారు. హుక్ వాడినది రెండు చివరలా అద్దాలున్న గొట్టం. 1665లో ఆయన అచ్చువేసిన 'మైక్రోగ్రాఫియా' అనే పుస్తకంలో పేను, గోమారి, ఈగ కన్ను వంటివాటి బొమ్మలు పెద్ద పెద్దవి ఉన్నాయి. సీసా బిరడా చేసే బెండును పల్చగా కోసి చూస్తే, తేనెపట్టులోలాగా చిన్న చిన్న గదులు కనబడ్డాయి. వాటికి ఆయన 'సెల్' అని పేరు పెట్టాడు, గది అని అర్థం. మనం దాన్నే 'కణం' అంటున్నాం. నిజానికి ఆయన చూసినవి ఖాళీ గదులు. లోపలి జీవం ఎప్పుడో పోయింది. అయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈనాటి ఆస్పత్రుల్లో ఉన్నదీ ఆ గొట్టం జాతిదే. దాని పనితనం ఇది. గాజు పలకమీద వస్తువును ఉంచుతారు. దాన్నే స్లైడు అంటారు. కింద దీపం ఉంటుంది, పాత రోజుల్లో అయితే అద్దంతో ఎండ వెలుతురును పైకి తిప్పేవారు. వెలుతురు వస్తువులోంచి దూరి పైకి వస్తుంది. వస్తువుకు దగ్గరగా ఉండే అద్దం గొట్టంలోపల దాని పెద్ద బొమ్మను ఏర్పరుస్తుంది. కంటి దగ్గర ఉండే అద్దం ఆ బొమ్మను మళ్ళీ పెద్దది చేస్తుంది. కింది అద్దం 40 రెట్లు, పై అద్దం 10 రెట్లు చేస్తే మొత్తం 400 రెట్లు. 100 రెట్ల అద్దం వాడేటప్పుడు స్లైడుకూ అద్దానికీ మధ్య ఒక చుక్క నూనె వేస్తారు. మధ్యలో గాలి ఉంటే కొన్ని కిరణాలు పక్కకు వంగి తప్పిపోతాయి. గాజులాగే వెలుతురును వంచే నూనె అయితే వాటిని తప్పిపోనివ్వదు. అప్పుడు 1000 రెట్లు కనబడుతుంది.

వినడానికి తేలికగానే ఉంది. కాని హుక్ రోజుల్లో రెండు అద్దాలు కలిస్తే రెండింటి లోపాలూ కలిసేవి. వెలుతురులోని ఎరుపు, నీలం వంటి రంగులు గాజులో ఒకేలాగా వంగవు. అందుచేత ప్రతి వస్తువు చుట్టూ ఇంద్రధనుస్సు అంచు ఏర్పడి బొమ్మ అలుక్కుపోయేది. లీవెన్‌హుక్ ఒంటి అద్దమే దానికంటే తేటగా చూపించేది. ఈ చిక్కును విప్పిన ముఖ్యుడు ఇంగ్లండులో జోసెఫ్ జాక్సన్ లిస్టర్, వృత్తి ద్రాక్షసారా వ్యాపారం. వేరువేరు రకాల గాజు అద్దాలను జతపరిచి, తగిన దూరంలో అమర్చితే ఒకదాని తప్పు మరొకటి సరిదిద్దుతుందని 1830లో లెక్కలతో సహా చూపించాడు. శస్త్రచికిత్సలో క్రిములు చేరకుండా మందు వాడే పద్ధతి తెచ్చిన డాక్టరు జోసెఫ్ లిస్టర్ ఈయన కొడుకే. తండ్రి అద్దాన్ని శుభ్రం చేస్తే, కొడుకు ఆపరేషను గదిని శుభ్రం చేశాడన్నమాట.

మరి ఇంకా ఇంకా పెద్దది చేసుకుంటూ పోవచ్చా? పోలేం. 1873లో జర్మనీలో ఎర్నెస్ట్ అబ్బే ఆ హద్దు ఎక్కడుందో తేల్చాడు. మన ముగ్గు సంగతే చూడండి. పిండి బరకగా ఉంటే ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా సన్నని గీత రాదు. రెండు చుక్కలు మరీ దగ్గరగా పెడితే కలిసి ఒకటే అయిపోతాయి. వెలుతురు కూడా అలలుగా నడుస్తుంది. ఆ అల పొడవులో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది విడివిడిగా చూపలేదు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. హద్దు మైక్రానులో అయిదో వంతు దగ్గర ఉంది. మన వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రానులు. రక్తంలోని ఎర్రకణం అడ్డంగా 7, 8 మైక్రానులు. క్షయ క్రిమి పొడవు 2 నుంచి 4 మైక్రానులు. ఇవన్నీ హద్దుకు ఇవతలే ఉన్నాయి. పోలియో వైరస్, 2020లో లోకాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన కరోనా వైరస్ హద్దుకు అవతలివి. వాటిని చూడడానికి వెలుతురుకు బదులు ఎలక్ట్రానులను వాడే మరో యంత్రం కావాలి. ఇటీవలి కాలంలో మెరిసే రంగుకణాల సాయంతో వెలుతురుతోనే ఈ హద్దు దాటే ఉపాయాలు కనిపెట్టి ముగ్గురు శాస్త్రజ్ఞులు 2014లో నోబెల్ బహుమతి పొందారు. కాని మన ఊరి ఆస్పత్రి మైక్రోస్కోపుకు అబ్బే చెప్పిన హద్దే హద్దు.

మీ పిల్లల బడిలో మైక్రోస్కోపు ఉంటే ఉల్లిపాయ పొరల మధ్య ఉండే పల్చని పొరను చూపించమనండి. ఇటుకలు పేర్చిన గోడలాగా కణాలు వరసగా కనబడతాయి. ఒక చుక్క అయొడిన్ వేస్తే ఒక్కొక్క గదిలో ఒక్కొక్క గుండ్రని చుక్క తేలుతుంది. అది కణానికి కేంద్రం. చుక్క పెరుగును నీళ్ళలో కలిపి రంగువేసి చూస్తే మన తోడులో ఉండే మేలుచేసే బాక్టీరియా కనబడతాయి. క్రిములన్నీ శత్రువులు కావని, కొన్ని మన ఇంట్లో పాలు తోడుపెడుతున్నాయని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ రంగు అన్నానుకదా, అదే తరవాతి మెట్టు. కణాలు, క్రిములు చాలామటుకు నీళ్ళలాగా పారదర్శకమైనవి. ఎంత పెద్దవి చేసినా తెల్లచీర మీద తెల్లదారపు కుట్టులాగా తేలవు. 1856 తరవాత ఐరోపాలో బట్టలకు వేయడానికి రసాయనపు రంగులు బయలుదేరాయి. డాక్టర్లు ఆ రంగులనే స్లైడు మీద వేసి చూశారు. కొన్ని రంగులు కొన్ని భాగాలనే పట్టుకుంటాయి, మిగతావాటిని వదిలేస్తాయి. చూశారా, బట్టల కొట్టు మళ్ళీ వచ్చింది! జర్మనీలో రాబర్టు కోక్ నీలిరంగు, గోధుమరంగు వేసి, గోధుమరంగు నేల మీద నీలం పుల్లల్లాంటి క్షయ క్రిములను పట్టుకున్నాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఆ సంగతి ప్రకటించాడు. అంతవరకు క్షయ వంశపారంపర్యమని, ఇంటికి పట్టిన శాపమని జనం అనుకునేవారు. కోడలికి దగ్గు వస్తే ఆ పిల్ల పుట్టింటి రక్తాన్ని తప్పుపట్టడానికి ఇక ఆధారం లేకుండా పోయింది.

క్రిమిని చూడగానే సరికాదు, దాన్ని విడిగా పెంచి పరీక్షించాలి. అప్పట్లో జెలటిన్‌తో గడ్డకట్టించిన పదార్థం మీద పెంచేవారు. వేసవి వస్తే అది కరిగి నీరైపోయేది. కోక్ దగ్గర పనిచేసే వాల్తర్ హెస్సే అనే డాక్టరు తల పట్టుకున్నాడు. ఆయన భార్య ఫానీ హెస్సే ఇంటి పనితోపాటు భర్త పరిశోధనకు బొమ్మలు గీసిపెట్టేది. ఎండాకాలంలో కూడా నీ జెల్లీలు ఎందుకు కరగవని భర్త అడిగితే, తను సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ వాడతానని చెప్పింది. జావా దేశంలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆవిడ అది నేర్చుకుంది. మనం పుడ్డింగుకు వాడే చైనా గ్రాస్ ఇదే. నీళ్ళు మరిగే వేడి దగ్గరపడితే గాని కరగదు, ఒకసారి గడ్డకట్టాక మన ఒంటి వేడిమిలో కూడా నిలుస్తుంది. కోక్ 1882 వ్యాసంలో అగర్ పేరు ఒక్క ముక్కలో చెప్పాడు, చెప్పిన ఇల్లాలి పేరు చెప్పలేదు. ప్రపంచంలో క్రిములు పెంచే ప్రతి ప్రయోగశాలలోనూ నేటికీ ఆ వంటింటి దినుసే వాడుతున్నారు.

ఇక మన ఊరికి వద్దాం. చలిజ్వరం అంటే మన అమ్మమ్మల కాలంలో ఎంత భయమో! మన్యం వెళ్ళివచ్చినవాళ్ళకు తప్పనిసరిగా వచ్చే జ్వరమని పేరు. చెడ్డ గాలివల్ల వస్తుందని ఐరోపావాళ్ళూ అనుకున్నారు. మలేరియా అనే మాటకు అర్థమే చెడుగాలి. 1880 నవంబరు 6న అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో కదులుతున్న మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూశాడు. అది రక్తంలోకి ఎలా చేరుతోంది అన్నది మాత్రం తెలియలేదు.

ఆ ముడి విడిపోవడానికి తొలి మలుపు మన సికిందరాబాదులో తిరిగింది. రొనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో పుట్టి, ఇక్కడ సైన్యంలో డాక్టరుగా పనిచేస్తున్నాడు. దోమమీద ఆయనకు అనుమానం. రోగులను కుట్టిన దోమలను కోసి, వాటి పొట్టను మైక్రోస్కోపు కింద పెట్టి అణువణువునా వెతికేవాడు. రెండేళ్ళు వెతికినా ఫలితం లేదు. ఆయన చూస్తున్నది వేరే జాతుల దోమలను మరి. 1897 ఆగస్టు ఎండ ఉక్కపోతలో పంకా వేసుకుందామంటే కోసిన దోమముక్కలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. కంటి దగ్గరి అద్దం పగిలింది. అయినా వదల్లేదు. ఆ నెలలో రెక్కలమీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కొక్క దోమకాటుకు ఒక్కొక్క అణా తీసుకుని వాటిచేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న ఆ మచ్చల దోమ పొట్టగోడలో రాస్‌కు ఒక గుండ్రని కణం కనబడింది. దోమ ఒంట్లో ఉండవలసినది కాదది. దానిలో నల్లని రేణువులు ఉన్నాయి, మలేరియా రోగి రక్తంలో కనబడే రేణువులే. మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే దోమలో అది పెరుగుతోందన్నమాట.

1898లో కలకత్తాలో పిట్టల మలేరియామీద పనిచేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో బయటపడుతుందని ఆయన చూపాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు రుజువు చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు పెట్టిన భవనం బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. బహుమతి పొందిన దొరగారి పేరు అందరికీ తెలుసు. చేయి చాచి కుట్టించుకున్న హుసేన్ ఖాన్ పేరు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

దీనివల్ల ఏం మారింది? తప్పు గాలిది కాదని తేలింది. మూతపెట్టని నీళ్ళతొట్టిది, మేడమీది ట్యాంకుది అని తేలింది. కుట్టేది ఆడదోమ ఒక్కటే, గుడ్లకోసం దానికి రక్తం కావాలి. గుడ్డునించి రెక్కల దోమ కావడానికి సుమారు వారం, పదిరోజులు పడుతుంది. అందుకనే వారానికొకసారి తొట్లు, కూలరు అడుగు, పూలకుండీల కింది పళ్ళేలు ఎండగట్టమంటారు. 2023లో కూడా ప్రపంచంలో సుమారు 6 లక్షలమంది మలేరియాతో చనిపోయారు. జ్వరం వస్తే రక్తపు స్లైడు తీయించమని డాక్టరు అన్నప్పుడు, ఎందుకులే, రెండు మాత్రలు వేసుకుంటే పోతుందిలే అనకండి. ఏ జాతి మలేరియానో స్లైడు చెబుతుంది, జాతినిబట్టి మందు మారుతుంది.

చివరగా, మనం పదిమందిలో మాట్లాడుకోవడానికి మొహమాటపడే సంగతి ఒకటి చెప్పాలి. 1913లో గ్రీసునించి న్యూయార్కుకు ఒక జంట వచ్చింది. భర్త జార్జి పాపనికొలావు చదువుకున్న డాక్టరే. అయినా పొట్టగడవడానికి మొదట తివాచీలు అమ్మాడు. భార్య మేరీ ఒక పెద్ద దుకాణంలో గుండీలు కుట్టింది. తరవాత ఆయనకు పరిశోధన పని దొరికింది. మేరీ జీతం లేని సహాయకురాలిగా ఆయన పక్కనే ఉండిపోయింది. స్త్రీ శరీరంలో నెలనెలా వచ్చే మార్పులు కణాల్లో ఎలా కనబడతాయో ఆయన చూడాలి. అందుకు మేరీ ఏళ్ళ తరబడి తన ఒంటినించే నమూనా ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కణం ఎలా ఉంటుందో తెలిశాక, చెడిన కణం ఎలా ఉంటుందో ఆయన కంటికి తట్టింది. గర్భాశయ ముఖద్వారంలో పుట్టే క్యాన్సరును ఇలా కనిపెట్టవచ్చని 1928లో చెబితే ఎవరూ పెద్దగా లక్ష్యపెట్టలేదు. 1943లో ట్రౌట్ అనే డాక్టరుతో కలిసి పుస్తకం వేశాక లోకం విన్నది. అదే నేడు పాప్ పరీక్ష అంటున్నది. నమూనా తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. కోత లేదు, కుట్టు లేదు.

ఈ క్యాన్సరు మన దేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలకు వస్తోంది. ఇది ఒక్కరోజులో రాదు. కణాలు మెల్లమెల్లగా, ఏళ్ళ తరబడి మారుతూ వస్తాయి. నొప్పి, రక్తస్రావం మొదలయ్యేదాకా మనకు తెలియదు. మైక్రోస్కోపుకు మాత్రం ముందే తెలుస్తుంది. ఆ దశలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. దీనికి మూలమైన వైరస్‌ను పట్టే పరీక్ష, ఆడపిల్లలకు ముందే వేయించే టీకా కూడా ఇప్పుడు వచ్చాయి. ముప్పై దాటిన ప్రతి ఇల్లాలూ ఏ పరీక్ష, ఎన్నాళ్ళకొకసారి అని డాక్టరమ్మను అడిగి చేయించుకోవాలి. పిల్లల పరీక్షలయ్యాక వెళదాం, ఆడపడుచు పెళ్ళి అయ్యాక చూద్దాం అని వాయిదా వేస్తూ ఉంటాం. కణాలు మన తీరిక కోసం ఆగవు కదండీ.

ఇంటిల్లిపాదికీ బియ్యంలో రాళ్ళు ఏరేది మనమే. పప్పులో పురుగు మన కంటబడకుండా పోదు. చీరలో తెగిన పోగును కొట్లోనే పట్టేస్తాం. ఎదుటివారి కోసం ఇంత శ్రద్ధగా చూడగలిగిన మనం, మన ఒంటిని చూపించుకునే వంతు వచ్చినప్పుడు వెనక్కి తగ్గకూడదు. ఈసారి డాక్టరమ్మ ఒక స్లైడు తీయించమంటే, సరేనని ఆ పూటే తీయించండి.

సెలవు.